మొదటి అంకె

ఆఫీసు, కిటికీ పక్క బల్ల
జనవరి 8

పిన్నీ,

ఫోనులో సగం మాటలు నీళ్ళలో పడ్డట్టు వినిపిస్తాయంటావు కదా, అందుకని ఎప్పట్లాగే కాగితం పట్టుకున్నాను. అమ్మ కులాసా. నువ్వు రెండు నెలలుగా ఉత్తరం ముక్క రాయలేదని మాత్రం మూతి ముడుచుకు కూర్చుంది. "చెల్లెలు కదా అని గారం చేస్తే నెత్తికెక్కింది" అంటోంది. మాట ఆవిడది, నాది కాదు.

నాకు ఆఫీసులో ఓ వింత పని తగిలించారు. చెవి మిషన్ల లోపల నడిచే ప్రోగ్రాములు రాస్తానని నీకు తెలుసుగా. నీ చెవిలో ఉన్నదీ మాదే. వాటిని అప్పుడప్పుడూ సరిచేసి కొత్తది పంపిస్తుంటాం, అది నీ ఫోన్లోంచి దానంతటదే మిషన్లోకి దూరిపోతుంది. పంపిన ప్రతిసారీ దానికో వెర్షన్ నంబరు ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎవరికి తోచిన నంబరు వాళ్ళు పెట్టేశారు. "ఇకమీదట ఏ పద్ధతిలో పెట్టాలో ఒక్క పేజీలో రాసి తీసుకురా" అని మా మేనేజరమ్మ ఆ పని నాకు అంటగట్టింది. మార్చి ఆఖరుకి ఇవ్వాలి.

నంబరు పెట్టడానికి పేజీ ఎందుకూ అనుకున్నాను. అడిగి చూస్తే ముగ్గురివి మూడు దారులు. అమ్మకాలు చూసే ఆయన సంవత్సరమూ నెలా పెట్టమంటాడు. పాలపాకెట్టు మీద తారీఖులా తాజాగా కనబడుతుందట. "మరి ఏడాది దాటితే విరిగిపోయినట్టు కనబడదా?" అన్నాను. తల గోక్కున్నాడు. మా దగ్గర ఓ సీనియర్ ఉన్నాడు, మాటకింత పన్ను కట్టాలన్నట్టు మాట్లాడతాడు, 'ముక్తసరి' అని పిలుచుకుంటాం. ఆయన "ఒకటి, రెండు, మూడు. చాలు" అని లేచిపోయాడు. ఇప్పుడు నడుస్తున్నది మూడంకెల పద్ధతి, మధ్యలో చుక్కలు: 2.4.1, ఇలా. పెద్ద మార్పయితే మొదటి అంకె పెరగాలి, కొత్త సదుపాయమైతే మధ్యది, చిన్న మరమ్మతైతే చివరిది. బాగానే ఉంది. కానీ ఏది పెద్దది, ఏది చిన్నది? అది మాత్రం ఎవరూ ఎక్కడా రాయలేదు!

ముప్పయ్యేళ్ళుగా కుట్టుమిషన్లు విప్పి బిగిస్తున్నదానివి. ఇది చిన్న పని, ఇది పెద్ద పని అని నువ్వెలా తేలుస్తావు? తీరిగ్గా రాయి.

నీ టముకు


కుట్టు షెడ్డు, సామాను గది
జనవరి 19

టముకూ,

చిన్నప్పుడు ఇంట్లో గుట్టేదున్నా వీధంతా చాటి వచ్చేదానివని పెట్టిన పేరది. ఇప్పుడు నంబర్లు చాటే ఉద్యోగమే దొరికిందన్నమాట.

నీ ఉత్తరం చదివాక నా ఫోన్లో మీ నంబర్లు వెతికి చూశాను. పాతవన్నీ వరసగా ఉన్నాయి. 2.5.9 తరవాత 2.5.10 అని ఉందేమిటే? చివరి సున్నాకి విలువ లేదు కదా, అంటే మళ్ళీ 2.5.1కి వచ్చినట్టా? మీ లెక్కల మాస్టారు చూస్తే మీ ఆఫీసంతటికీ గోడకుర్చీ వేయించును.

నువ్వడిగినదానికి వస్తాను. చిన్నదా పెద్దదా అని నేను మిషను వైపునించి చూడను. దాని ముందు కూర్చునే మనిషి వైపునించి చూస్తాను. లోపల గేర్లన్నీ ఊడదీసి కొత్తవి వేశాననుకో, పూట పని. అయినా కుట్టేవాళ్ళ చేతికీ కాలికీ తేడా తెలియకపోతే అది చిన్న పనే. చేతులు తుడుచుకుని నా దారిన నేను పోతాను. అదే పెడల్ కింద స్ప్రింగు ఒక్కటి బిగించానంటే అరనిమిషం పని. కానీ ఆ మనిషి పక్కనే కూర్చుని, నాలుగు గుడ్డముక్కలు కుట్టించి, అలవాటయిందని నమ్మకం కుదిరాకే లేస్తాను. పాత అలవాటుతో నొక్కితే సూది వేలి మీదకి ఉరుకుతుంది మరి. నేనెంతసేపు చేశానన్నది కాదు లెక్క. వాళ్ళకేం మారిందన్నదే.

నేనిప్పుడు సామాను గదిలో ఉంటున్నాను. సూదులూ బెల్టులూ అందించడం, కూర్చుని చేసే పని. హాయిగానే ఉంది. అక్కకి రెండ్రోజుల్లో రాస్తానని చెప్పు.

పిన్ని


ఆఫీసు
ఫిబ్రవరి 2

పిన్నీ,

నీ స్ప్రింగు మాట మా వాళ్ళకి చదివి వినిపించాను. ముక్తసరి రెండుసార్లు తలూపాడు, అది ఆయన లెక్కలో ఉపన్యాసం.

2.5.10 సంగతి: అది దశాంశ చుక్క కాదు పిన్నీ. వీధిలో గుమ్మాల నంబర్లనుకో. రెండో వీధి, అయిదో సందు, తొమ్మిదో గుమ్మం. దాని పక్కది పదో గుమ్మమే కదా. అయినా నువ్వన్న చిక్కు నిజంగానే ఉంది, లెక్కల్లో ఆరితేరిన వాళ్ళే ఎక్కువ తడబడతారు.

ఇక అసలు కథ. "తగిలించుకున్న మనిషికి వినిపించేది మారితే మొదటి అంకె మారాలి" అని రాసి మేనేజరమ్మకి చూపించాను. చదివి కళ్ళజోడు తీసేసింది. "ముందున్న ఆ 2ని కదపకు" అంది. ఎందుకని అడిగితే వినికిడి కేంద్రాలతో మాకున్న ఒప్పందం చూపించింది. మొదటి అంకె మారితే వినికిడి పరీక్షలు చేసే కేంద్రాలు ప్రతి ఒక్కరినీ పిలిచి మళ్ళీ పరీక్ష చెయ్యాలిట. మనిషికి పూట చొప్పున పదకొండువేల మందికి! మొదటి అంకె 2 అయినప్పుడు అలా పిలిస్తే కేంద్రాలవాళ్ళు విసిగిపోయారట, సగం మంది రానేలేదట. అందుకని మూడేళ్ళుగా ఏ మార్పు వచ్చినా మధ్య అంకెలోనో చివరి అంకెలోనో సర్దేస్తున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ నాకు నిద్రలో చీమ కుట్టినట్టుగా ఉంది.

అవునూ, సామాను గదేమిటి? చప్పుడు విని మిషను రోగం చెప్పే మనిషివి, నువ్వు సూదులందించడమేమిటి? "హాయిగానే" అన్న మాట నీ నోట ఎప్పుడూ వినలేదు నేను.

టముకు


ఇల్లు
ఫిబ్రవరి 15

టముకూ,

అడిగావు కనక చెబుతున్నాను. అక్క చెవిన మాత్రం వెయ్యకు.

మిగిలిన కాస్త వినికిడీ పోయిందే. అక్టోబరు ఆఖరునించి. మనిషి మాట వినిపిస్తుంది, ఇంకా తేటగానే వినిపిస్తుంది. కానీ షెడ్డులో నలభై మిషన్లూ ఒకటే తీరున, గోడ అవతల ఎక్కడో నడుస్తున్నట్టుంటాయి. ఏది ఏడుస్తోందో ఏది నవ్వుతోందో తెలియదు. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. చేతితో తడిమి, కంటితో చూసి నెట్టుకొచ్చాను. చెవిటి మెకానిక్ అంటే ఎవరు పనిస్తారు చెప్పు?

నవంబరులో కాలర్లు కుట్టే అమ్మాయి మిషను చూశాను. విన్నాను, ఏమీ లేదనిపించింది. "బాగుంది, కుట్టుకో" అన్నాను. గంట తిరక్కుండా సూది విరిగి ముక్క ఎగిరింది. కనుబొమ్మ మీద తగిలింది, నాలుగు కుట్లు పడ్డాయి. వేలెడు కిందకి దిగి ఉంటే కన్నే. మర్నాడు వెళ్ళి, ఇక నావల్ల కాదని యజమానికి నేనే చెప్పాను. ఆయన సామాను గది చూపించాడు.

ఆ పిల్ల రోజూ దారాలకి నా దగ్గరికే వస్తుంది. నవ్వుతూ వస్తుంది. నేనే తలెత్తలేను.

ఇదే సంగతి. నీ నంబర్ల గోలేదో నువ్వు రాయి, అది చదువుతుంటే బాగుంటుంది.

పిన్ని


ఆఫీసు
ఫిబ్రవరి 21

పిన్నీ,

ఇవి చూసి రాయి. ఏదీ వదలకు.

నీ ఫోన్లో ఇప్పుడు ఉన్న నంబరేది? అది ఏ తారీఖున వచ్చింది?

కుళాయి, ఫ్యాను, మిక్సీ, వాన: ఆగకుండా వచ్చే చప్పుళ్ళు ఎలా వినిపిస్తున్నాయి? మొదలైనప్పుడూ, కాస్సేపయ్యాకా ఒకేలా ఉన్నాయా?

తలుపు, గిన్నె, చప్పట్లు: ఠక్కున వచ్చి పోయేవి ఎలా ఉన్నాయి?

నీ పాత చెవి మిషను ఇంకా ఉందా? దాన్ని పెట్టుకుని ఒక్కసారి షెడ్డులో నడిచి చూడు.

ఎందుకో తరవాత రాస్తాను. నీ చెవి గురించి అప్పుడే ఏ మాటా అనుకోకు.

టముకు


ఇల్లు, వంటగది బల్ల
మార్చి 3

ఒసే టముకూ!

పరీక్ష రాసినట్టు రాస్తున్నాను, మార్కులు వెయ్యి.

నంబరు 2.6.4. అక్టోబరు 28. పక్కన 'చిన్న మరమ్మతు' అని ఉంది.

కుళాయి తిప్పాను. మొదట శుభ్రంగా వినిపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అనేసరికి దాని మీద ఎవరో దుప్పటి కప్పినట్టు అణిగిపోయింది. కట్టేసి మళ్ళీ తిప్పాను, మళ్ళీ వచ్చింది, మళ్ళీ నాలుగుకి పోయింది. పన్నెండుసార్లు తిప్పాను. పక్కింటావిడ "నీళ్ళు రావట్లేదా?" అని తొంగిచూసింది. ఫ్యాను కూడా అంతే. మిక్సీ అయితే నాలుగుకి నా చేతిలోనే మాయం, అదురు తెలుస్తోంది, చప్పుడు లేదు. గిన్నె పడేశాను, గుండె ఝల్లుమంది, అంత బాగా వినిపించింది. గిన్నె సొట్టపోయింది, అది నీ ఖాతాలోకి.

పాత చెవి మిషను బీరువాలో దొరికింది. పెట్టుకుని మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళాను. ఏమని చెప్పనే! ఒక్కో మిషను ఒక్కో గొంతుతో మాట్లాడుతోంది. గరగరగా ఉంది, చెవి నొప్పెట్టింది కూడా. అయినా అక్కడే నిలబడిపోయాను. ఏడో మిషను దగ్గర కాలాగింది. ఆ రొద లోపల సన్నగా 'టిక్కు టిక్కు'. "ఆపమ్మా" అని విప్పి చూశాను. కింద దారం కండె తిరిగే షటిల్ అంచు సూదికి రాసుకుంటోంది, ఇంకో పూటలో సూది విరిగేదే.

అంటే చెవి పోలేదు! నాలుగు లెక్కపెట్టేసరికి ఎవరో దుప్పటి కప్పుతున్నారు. ఎవరే వాళ్ళు? ఎందుకు కప్పుతున్నారు? వెంటనే రాయి, నాకిక్కడ కాలు నిలవడం లేదు.

పిన్ని


ఇల్లు
మార్చి 9

పిన్నీ,

నేనే.

పోయిన వేసవిలో ఫ్యాను రొదకి తల పగిలిపోతోందని రాశావు. ఆ ఉత్తరం బల్ల మీద పెట్టుకునే చేశాను. ఒకే తీరున ఆగకుండా వచ్చే చప్పుడుని పసిగట్టి తగ్గించే ఏర్పాటు నీ మిషన్లో ముందునించీ ఉంది. ఇంకాస్త గట్టిగా తగ్గించమని ఆ ప్రోగ్రాములో ఒకే ఒక్క వరస మార్చాను. పరీక్షల్లో మనుషుల మాట ఇదివరకటికంటే తేటగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. ఒక్క వరసే కదా అని చివరి అంకె మార్చి, 'చిన్న మరమ్మతు' అని నా చేత్తో నేనే రాసి పంపేశాను. నీ ఫోన్లో దానంతటదే వచ్చేలా పెట్టి వెళ్ళిందీ నేనే.

కుట్టుమిషన్ల షెడ్డు నాకు గుర్తే రాలేదు.

మేనేజరమ్మకి చెప్పాను. అంతా విని కళ్ళజోడు తుడుచుకుంది. తరవాత "ఆ వరసని పాతదానిలా చేసి 2.6.5 అని పంపేద్దాం. వారంలో అందరికీ సర్దుకుంటుంది. ఎవరినీ కంగారు పెట్టక్కర్లేదు" అంది. అది వింటే నాకు ప్రాణం కుదుటపడ్డట్టే అయింది. నీ చెవి వారంలో నీకొచ్చేస్తుంది. ఎక్కడా నా పేరు రాదు. అలా కుదుటపడినందుకే సిగ్గేస్తోంది.

ఏం చెయ్యమంటావు? తిట్టాలనుంటే ముందు తిట్టు.

టముకు


ఇల్లు
మార్చి 14

అమ్మాయీ,

నా మీద ప్రేమతోనే చేశావు. తెలుసు. అందుకే కోపం ఇంకా ఎక్కువగా ఉంది, పరాయివాళ్ళయితే రెండు మాటలని ఊరుకుందును.

నువ్వు ఫ్యాను ఒక్కటే తీసేద్దామనుకున్నావు, నా షెడ్డంతా తీసుకుపోయావు. నాలుగున్నర నెలలు. రోజూ పొద్దున్నే ఆ పిల్ల కనుబొమ్మ మీద గీత చూశాను. అద్దంలో నన్ను నేను చెవిటి ముసలిదాన్ని చూసినట్టు చూసుకున్నాను. ఒక్క ముక్క, "పిన్నీ, చప్పుళ్ళు మారతాయి, చూసుకో" అని రాసి ఉంటే కుళాయి ఆవేళే తిప్పేదాన్ని కదా?

తప్పులో నా వాటా ఉంది. వినిపించడం లేదని చెప్పుకోడానికి నామోషీపడ్డాను. ఆ పిల్ల కన్ను కంటే నా నామోషీ ఎక్కువైంది నాకు. అది నేను మోస్తాను, నీ నెత్తిన పెట్టను.

ఇప్పుడు చడీచప్పుడూ లేకుండా వెనక్కి తిప్పేస్తారా? సరే, తిప్పారనుకో. నాకు తెలుసు కనక నవ్వుకుంటాను. తెలియనివాళ్ళ మాటేమిటి? నాలాగే చెవి పోయిందని పని మానుకున్నవాళ్ళు ఎంతమందో! వాళ్ళకి హఠాత్తుగా బాగైతే దేవుడు కరుణించాడనుకుంటారు. రేపు మళ్ళీ మీరేదో మారిస్తే మళ్ళీ పాపం చేశామనుకుంటారు. ఇంకోటి, ఆ దుప్పటికి ఈపాటికి అలవాటుపడి హాయిగా ఉన్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళకి చెప్పకుండా లాగేస్తే అదీ స్ప్రింగు బిగించినట్టే కదా?

నా ఉత్తరాలు కావాలంటే మీ ఆఫీసులో చదువు. సొట్టగిన్నె సంగతి కూడా చదువు. సిగ్గుపడేది ఏమీ లేదు.

పిన్ని


ఆఫీసు
ఏప్రిల్ 20

పిన్నీ,

ఆరు వారాలు రాయలేదు, అలిగాననుకోకు. జరిగింది చెబుతాను.

మార్చి ఆఖరున మీటింగు. నా పేజీ చదవమన్నారు. దాన్ని పక్కన పెట్టి మార్చి మూడో తారీఖు నీ ఉత్తరం చదివాను. కుళాయి దగ్గర నవ్వారు. మిక్సీ దగ్గరకొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. తరవాత కాలర్ల అమ్మాయి సంగతి చెప్పి, "2.6.4 నా పని. అది చిన్న మరమ్మతు కాదు. పెద్ద మార్పుని చుక్కల వెనక సర్దేశాను" అన్నాను.

మేనేజరమ్మ "కేంద్రాలు ఒప్పుకోవు. పదకొండువేల మందిని పిలవడమంటే మాటలా?" అంది.

"ఈ ఒక్కసారి నెమ్మదిగా సర్దేద్దాం" అన్నాడు అమ్మకాలాయన.

అప్పుడు ముక్తసరి లేచాడు. "ఆ ఒప్పందం రాసింది నేనే. మనిషికి తెలియకుండా వినికిడి మారకూడదనే రాశాను. దాన్ని తప్పించుకునే దారి వెతికిందీ మనమే, నాతో సహా" అన్నాడు. ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం ఎవరూ ఎరగరు. మేనేజరమ్మ ఒప్పందం కాగితాలు తన ముందుకి లాక్కుని, "అందరికీ ముందు ఉత్తరం రాయి. రాసేది నువ్వే" అంది నాతో.

అలా 3.0.0 అయింది. అందులో దుప్పటి ఉంచాలా తియ్యాలా అన్నది పరీక్ష చేసేవాళ్ళ దగ్గర కూర్చుని తగిలించుకున్నవాళ్ళే తేల్చుకుంటారు. కేంద్రాల భారం తగ్గించడానికి ఎవరెవరికి తేడా తెలిసిందో ముందు మేమే అడుగుతున్నాం. నా వంతుకి నాలుగువందల మంది వచ్చారు. మూడు వారాలుగా అదే పని.

ఎన్ని రకాల జవాబులో పిన్నీ! రోడ్డు వారనున్న ఇంట్లో ఒకావిడ "నా దుప్పటి తీశారో ఊరుకోను" అంది. ఓ డ్రైవరు ఇంజను చప్పుడు అందక బండి అమ్మేశాట్ట. ఇంకో పెద్దాయన రాశాడు, వాళ్ళావిడ పని చేసుకుంటూ కూనిరాగం తియ్యడం మానేసిందనుకున్నాడట. కోపమొచ్చిందేమోనని అడగడానికి మొహమాటపడి ఆర్నెల్లు లోపల్లోపలే కుమిలాట్ట. ఆ ఉత్తరం మేనేజరమ్మ బల్ల మీద పెట్టి వచ్చాను. సాయంత్రం చూస్తే అక్కడే ఉంది, ఎదురుగా ఆనించి.

వచ్చే నెల వస్తాను. ఆ అమ్మాయికి నా నోటితో చెప్పాలి.

టముకు


కుట్టు షెడ్డు
మే 6

టముకూ,

సోమవారం కేంద్రానికి వెళ్ళాను. పరీక్ష చేసే ఆవిడ అరపూట కూర్చోబెట్టింది. షెడ్డుకి దుప్పటి లేకుండా, ఇంటికి పల్చని దుప్పటితో, రెండూ పెట్టించుకున్నాను. ఫోన్లో మీట నొక్కితే మారుతుంది. ఫ్యాను రొద మళ్ళీ వచ్చింది. రానీ.

కాలర్ల అమ్మాయికి నువ్వొచ్చేదాకా ఆగలేకపోయాను. భోజనాలయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను, నా చెవి సంగతి, నీ వరస సంగతి. అంతా విని ఆ పిల్ల ఏమందో తెలుసా? "ఆ రోజు మిషను తేడాగా ఉందని నా చేతికి తెలుస్తూనే ఉందక్కా. మీరు విని బాగుందన్నారు కదా, మీకంటే నాకు తెలుసా అని నోరు మూసుకున్నాను" అంది.

ముప్పయ్యేళ్ళలో ఒక్కరినీ "నీకెలా ఉంది?" అని అడగలేదు నేను. పెడలు బిగిస్తే పక్కన కూర్చుంటానని నీకు గొప్పగా రాశాను చూడు, అప్పుడు కూడా వాళ్ళ కాలు చూశానే కానీ నోరు తెరవనివ్వలేదు. "ఇకమీదట నేను బాగుందన్నా నీ చేతికి తేడా తెలిస్తే ఒప్పుకోకు. నాతో దెబ్బలాడు" అన్నాను. తల ఊపింది, నమ్మినట్టు లేదు.

నిన్న యజమాని మళ్ళీ స్పానర్లు చేతికిచ్చాడు. ఆ పిల్ల మిషనే ముందు చూశాను. మీట నొక్కి, వంగి, చెవి ఆనించి విన్నాను. నీళ్ళ మీద పడవలా నడుస్తోంది. "బాగుంది, కుట్టుకో" అన్నాను.

ఇవాళ పొద్దున నేనింకా సంచీ దించనేలేదు, ఎదురుగా వచ్చి నిలబడింది. "బాలేదక్కా" అంది. గొంతు సన్నగా ఉంది కానీ కళ్ళు దించలేదు.

విప్పాను. ఇప్పటికి మూడుసార్లు విప్పి బిగించాను, ఏమీ దొరకలేదు. పక్కనే కూర్చుని ఎక్కడ తేడా అనిపిస్తోందో వేలితో చూపిస్తోంది. నాలుగోసారి విప్పబోతున్నాం.

పిన్ని